అట్ట శిరస్త్రాణం

సెర్వాంటిస్ రాసిన 'డాన్ కిహోటీ' మొదటి భాగం 1605లో వచ్చింది. దాని తొలి అధ్యాయంలోనే ఒక చిన్న ముచ్చట ఉంది. వీరుల కథలు చదివి చదివి మతి చెడిన ఆ పల్లెటూరి పెద్దమనిషి, ముత్తాతల నాటి కవచాన్ని మూలలోంచి తీసి తుప్పు వదిలేలా తోముకుంటాడు. తీరా చూస్తే ముఖం కప్పే శిరస్త్రాణం లేదు, ఉత్త ఇనప టోపీ ఉంది. అట్టముక్కలు అతికించి దానికి ముసుగు తయారుచేస్తాడు. గట్టిగా ఉందో లేదో చూద్దామని కత్తి దూసి కొడతాడు. వారం రోజుల శ్రమ ఒక్క దెబ్బకి తుక్కయిపోతుంది. మళ్ళీ చేస్తాడు. ఈసారి లోపల ఇనప బద్దలు కూడా పెడతాడు. పెట్టి, ఇక కొట్టి చూడడు. దివ్యంగా ఉందని తనకు తానే ఒప్పేసుకుని తలకి తగిలించుకుని బయల్దేరతాడు.

పాతకాలపు వేషం వేసుకుని పాతకాలంలో బతికినట్టు నటించే సరదా మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు. ఆ సరదా ఇప్పుడు ఐరోపాలోనూ అమెరికాలోనూ వేలమందికి ఉంది. వారమంతా బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఉద్యోగం చేసుకుని, శని ఆదివారాల్లో పన్నెండో శతాబ్దపు మనుషులైపోతారు. కవచాలు తొడుక్కుంటారు, డేరాలు వేసుకుంటారు, కట్టెపొయ్యి మీద వండుకుంటారు, యుద్ధాలు చేసుకుంటారు. పునరభినయం అందాం ప్రస్తుతానికి. ఇంతకన్నా నోరు తిరిగే మాట పాఠకులకు తోస్తే సంతోషమే. పోలండులో గ్రున్వాల్డ్ మైదానం మీద 1410లో జరిగిన యుద్ధాన్ని ఏటా జూలైలో మళ్ళీ చేస్తారు. ఇంగ్లండులో 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని ఆ మఠం పక్కనే చేస్తారు. ఫలితం అందరికీ ముందే తెలుసు. అయినా జనం వెళ్తారు, మన పల్లెల్లో దుర్యోధనుడు చస్తాడని తెలిసీ తెల్లవార్లూ కూర్చున్నట్టే.

ఇదంతా మనకెందుకు, మన పత్రికలో దీనికేం పని అని అనిపించవచ్చు. ఉందనే నా వాదన. మనం ఆంధ్రదేశానికి బయట నాలుగైదు వందల ఏళ్ళుగా ఒక పాతకాలాన్ని మోస్తున్నవాళ్ళం. మోస్తున్నది ఇనుమో అట్టో ఎవరైనా కొట్టి చూశారా?

ముందు ఆ సరదా పుట్టుపూర్వోత్తరాలు కాస్త చూద్దాం. వాల్టర్ స్కాట్ 'ఐవన్‌హో' నవల 1819 డిసెంబరులో వెలువడింది. ఒక నవల జనం చేత బట్టలు కుట్టించి, గుర్రాలెక్కించి, ఈటెలు పట్టించిందంటే అది ఇదే. 1838లో విక్టోరియా పట్టాభిషేకాన్ని ఖర్చు తగ్గించి, పాత విందులూ వీరుడి సవాలూ లేకుండా కానిచ్చేశారని కొందరు ప్రభువులకి కడుపు మండింది. ఎగ్లింటన్ ప్రభువు అనే యువకుడు, 1839 ఆగస్టు 28న స్కాట్లండులోని తన కోట దగ్గర నిజమైన మధ్యయుగపు పోటీ పెడతానన్నాడు. మొదట్లో ఉత్సాహపడ్డ వీరులు నూట యాభై మంది దాకా ఉన్నారట. కవచం బరువూ, గుర్రం ఖర్చూ తెలిశాక చివరికి బరిలోకి దిగినవాళ్ళు పది పదిహేను మంది. చూడ్డానికి మాత్రం లక్షమంది దాకా వచ్చారని లెక్క. ఊరేగింపు బయల్దేరేసరికే గంటలు ఆలస్యం. బయల్దేరాక ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. బరి బురదైపోయింది. పోటీకి రాజుగా నియమితుడైన లండన్‌డెరీ ప్రభువు తన వేషంలోనే గొడుగు విప్పుకున్నాడు. ఆ గొడుగు మీద ఇంగ్లండు పత్రికలు చాలాకాలం బతికాయి.

ఆ వానని నేను దేవుడు చేసిన సాహిత్య విమర్శగా భావిస్తాను. ఎగ్లింటన్ వాళ్ళు చదివింది స్కాట్‌నే, కానీ స్కాట్‌ని సగమే చదివారు. ఐవన్‌హోలో వీరుల కన్నా ముందు కనిపించేది మెడకి ఇత్తడిపట్టీ వేసిన పందుల కాపరి గర్త్. అతని యజమాని పేరు ఆ పట్టీ మీదే చెక్కి ఉంటుంది. ఎగ్లింటన్ ఊరేగింపులో ఎవరూ గర్త్ వేషం కోరుకోలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల దొరలకి ఈ వీరత్వపు పిచ్చి ఎక్కించినవాడు స్కాటేనని మార్క్ ట్వేన్ 1883లో తిట్టిపోశాడు. అంతర్యుద్ధానికి కూడా కొంత బాధ్యత ఆయన నెత్తిన పెట్టాడు. తిట్టు మోతాదు మించిందనే నేనూ అంటాను. తప్పు నవలది కాదు, పందుల కాపరిని దాటవేసి చదివిన పాఠకుడిది.

ఇప్పుడు మనం చూస్తున్న సరదాకి అసలు మొలక మాత్రం 1966 మే 1న కాలిఫోర్నియాలో బర్క్లీ పట్నంలో పడింది. డయానా పాక్సన్ అనే విద్యార్థిని తన ఇంటి పెరట్లో మిత్రుల్ని పిలిచి కత్తిసాము పోటీ పెట్టింది. అందరూ పాతకాలపు దుస్తుల్లో వచ్చారు. చివర్లో ఇరవయ్యో శతాబ్దానికి నిరసన అంటూ వీధిలో ఊరేగారు. తర్వాత ఒక పార్కు వాడుకోవడానికి అనుమతి కాగితంలో సంఘం పేరు రాయాల్సివచ్చి, సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం అని రాశారు. బుద్ధిపూర్వకంగా, కల్పనతో కాలం తప్పడం అన్నమాట. ఆ పెరటి సరదా ఇవాళ పలు దేశాలకు పాకి, ఇరవై దాకా 'రాజ్యాలు'గా విస్తరించింది. పెన్సిల్వేనియాలో 1972లో మొదలైన వాళ్ళ పెద్ద 'యుద్ధానికి' పదివేలకు పైగా జనం చేరతారు.

వాళ్ళ నియమాల్లో ఒకటి నన్ను చాలా ఆకట్టుకుంది. కత్తులు ఇనపవి కావు, బెత్తంతో చేసినవి. కవచాలు మాత్రం అసలువే, దెబ్బలూ అసలువే. అయితే తగిలిన దెబ్బ ప్రాణం తీసేంతదా కాదా అని తేల్చేది పక్కనున్న న్యాయనిర్ణేత కాదు. దెబ్బ తిన్నవాడే తేల్చుకోవాలి. చచ్చాననుకుంటే తనే పడిపోవాలి. మన సాహిత్య సభల్లో ఈ నియమం ఒక్కసారి పెట్టి చూడాలని నాకు కోరిక. మనవాళ్ళు ఎన్ని దెబ్బలు తిన్నా పడరు, పైగా మరుసటి నెలలో సన్మానం చేయించుకుంటారు.

ఇంకో నియమం నాకు నచ్చనిది. అక్కడ చేరిన ప్రతివాడినీ చిన్నదో పెద్దదో ఒక గొప్ప వంశంవాడిగానే లెక్కిస్తారు. గుమాస్తా అయినా, లారీ డ్రైవరైనా అక్కడ ప్రభువే. రాజు కావడానికి పుట్టుక అక్కర్లేదు, పోటీలో గెలిస్తే చాలు, కొన్ని నెలలు రాజ్యం. ఆడవాళ్ళు కూడా కవచం తొడిగి దిగుతారు. ఎంత ఉదారం, ఎంత సమానత్వం అనిపిస్తుంది. నిజమే, ఎగ్లింటన్ ప్రభువు కన్నా వీళ్ళు వెయ్యి రెట్లు నయం. కానీ అందరూ ప్రభువులైతే పందులు కాసిందెవరు? మధ్యయుగం ఎలా ఉందో కాదు, ఎలా ఉండి ఉంటే బాగుండేదో అలా చేసుకుంటున్నాం అని వాళ్ళలోనే కొందరు చమత్కరిస్తారు. అట్టకి ఇనప బద్ద పెట్టడం అంటే ఇదే. ఎక్కడ బలహీనమో తెలుసు. తెలుసు కాబట్టే అక్కడ కొట్టరు.

అయితే వీళ్ళందర్నీ వేషగాళ్ళని తోసిపుచ్చడం అన్యాయం. ఏడెనిమిదేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం ఇంటి దగ్గరి పార్కులో ఇలాంటి గుంపు కనిపిస్తే నేనూ మా ఆవిడా ఆగి చూశాం. ఒకపక్క కత్తుల మోత. మరోపక్క చెట్టుకింద ఒక ఆమె ముతక నారగౌను వేసుకుని కదురు వేలాడదీసి ఉన్ని వడుకుతోంది. మా ఆవిడ కాసేపు చూసి, చెయ్యి చాపి ఆ కదురు తీసుకుంది. ఉన్ని ఆమెకు అలవాటు లేదు. రెండుసార్లు తెగింది. మూడోసారి నుంచి సన్నగా, సమంగా దారం రాసాగింది. నారగౌను ఆమె ఆశ్చర్యపోయి, "మీది ఏ శతాబ్దం?" అని అడిగింది. వాళ్ళలో అలా అడగడం మామూలట, నువ్వు ఏ కాలం మనిషి వేషం వేస్తావు అని. మా ఆవిడ "ఐదో క్లాసు" అంది. చిన్నప్పుడు బళ్ళో తకిలీ పీరియడు ఉండేది లెండి.

నవ్వుకున్నాం గానీ, ఆ నారగౌను ఆమె చెప్పిన సంగతి నాకు గుర్తుండిపోయింది. ఒక చొక్కాకి కావలసిన నూలు తనే వడికి, నేసి, చేత్తో కుట్టుకుందామని మొదలుపెట్టిందట. నేతకి పట్టేదానికి ఎన్నో రెట్లు కాలం వడకడానికే పట్టిందట. ఒక్క మగ్గం ఆడాలంటే చుట్టూ ఎంతమంది ఆడవాళ్ళు పగలూ రాత్రీ వడుకుతూ ఉండాలో చేతులు నొచ్చాక తెలిసింది అంది. షోలాపూరు పద్మశాలీ ఇంట్లోనో సేలం నేతవాళ్ళ ఇంట్లోనో పుట్టిన పాఠకులకి ఇది కొత్త కాదు. ఇంట్లో మగ్గం ఒకరి పేరున ఉన్నా పని ఇంటిల్లిపాదిదీ. కానీ రాజుల చరిత్రలు చదివినవాడికి ఇది కొత్తే. ఏ శాసనంలోనూ రాట్నం తిప్పిన ముసలామె పేరు ఉండదు.

చరిత్రకారుడు చేసే పని గతించిన ఆలోచనని తన మనసులో మళ్ళీ ఆలోచించడమేనని కాలింగ్‌వుడ్ వాదించాడు. ఆయన పోయాక 1946లో ఆ పుస్తకం వచ్చింది. ఆయన దృష్టిలో ఆలోచననే మళ్ళీ చేయగలం, ఒంటి బాధని చేయలేం. పార్కులో ఆ వడికే ఆమెని చూశాక నాకు ఈ గీత అంత ఖచ్చితమైనదిగా అనిపించలేదు. ఇనప కడియాల చొక్కా పది పదిహేను కిలోలు ఉంటుంది. నడుముకి పటకా బిగిస్తే భుజాల మీద బరువు తగ్గుతుందని తొడిగినవాడికి తెలుస్తుంది. శిరస్త్రాణం పెట్టుకుంటే పక్కవాడి కేక కూడా సరిగా వినపడదని, సేనాపతి ఆజ్ఞలు కవులు రాసినట్టు సాగి ఉండవని తెలుస్తుంది. ఇవి ఆలోచనలు కావు, కానీ వీటివల్ల ఆలోచన మారుతుంది. రెండోసారి కొట్టి చూడడం అంటే నా ఉద్దేశం ఇదే.

ఇక మన సంగతి. మనకీ పునరభినయాలున్నాయి, అయితే వాటిని సరదా అనలేం. పల్నాటి కారెంపూడిలో కార్తీక అమావాస్యనుంచి ఐదురోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని మళ్ళీ నడుపుతారు. వీరుల ఆయుధాలు తరతరాలుగా ఆ ఇళ్ళవాళ్ళే మోసుకుని నాగులేటి ఒడ్డుకి తెస్తారు. అక్కడ ఎవరూ వేషం ఎంచుకోరు, పుట్టుకతో వచ్చిందే మోస్తారు. మా హోసూరు, కృష్ణగిరి వైపు, చిత్తూరు వైపు ధర్మరాజు తిరనాళ్ళలో అర్జునుడు తపస్సుమాను ఎక్కేటప్పుడు కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో పడుకుని ఉంటారు. వాళ్ళకి అది నాటకం కాదు. భక్తి ఉన్నచోట శిరస్త్రాణాన్ని కొట్టి చూడమని నేను అడగను, అడిగే హక్కూ లేదు. నేను మాట్లాడేది భక్తి లేనిచోట, గర్వం మాత్రమే ఉన్నచోట.

ఆ గర్వానికి మన సాహిత్యం బాగానే మేత వేసింది. కాకతీయుల మీదా రాయలవారి మీదా వచ్చిన చారిత్రక నవలలూ పద్యనాటకాలూ లెక్కపెట్టండి. వాటిల్లో గొప్పవి లేవని కాదు, బాపిరాజు ఊహాశక్తినీ, నోరి నరసింహశాస్త్రి పాండిత్యాన్నీ కాదనే సాహసం నేను చేయను. కానీ వాటిల్లో అన్నం ఎవరు వండారో, గుర్రాలకు ఉలవలు ఎవరు ఉడకబెట్టారో వెతికితే కనపడరు. ఒక్క మినహాయింపు చెబుతాను. మద్రాసులో సంస్కృత పండితులుగా పనిచేసిన వేదం వేంకటరాయశాస్త్రి గారు 1897లో 'ప్రతాపరుద్రీయం' నాటకం వెలువరించారు. అందులో రాజు పోలికలున్న చాకలి పేరిగాడికి యుగంధర మంత్రి రాజవేషం వేయిస్తాడు. బట్టలు రాజువి, నోరు చాకలిది. పాత్ర ఏదైతే దాని భాషే మాట్లాడాలని శాస్త్రిగారు పట్టుబట్టినందుకు పండితులు ఎంత గొడవ చేశారో తెలిసినవారికి తెలుసు. పేరిగాడు నోరు విప్పినప్పుడల్లా సింహాసనం మీద ఒక దెబ్బ పడుతుంది. జనం ఆ నాటకంలో యుగంధరుడితో పాటు పేరిగాణ్ణి కూడా గుర్తుంచుకున్నారంటే ఊరికే కాదు. మన చారిత్రక నాటకాల్లో శిరస్త్రాణాన్ని కొట్టి చూసిన చెయ్యి చాకలిది.

ఫ్రాన్సులో బర్గండీ అడవుల్లో గెదెలాన్ అనే చోట 1997లో ఒక పని మొదలైంది. పదమూడో శతాబ్దపు కోట ఒకటి ఆనాటి పనిముట్లతోనే, ఆనాటి పద్ధతిలోనే కడుతున్నారు. రాయి అక్కడి గనిదే, కర్ర అక్కడి అడవిదే. మనిషి లోపల నిలబడి నడిస్తే తిరిగే పెద్ద చెక్కచక్రంతో రాళ్ళు పైకెత్తుతారు. కోట కట్టించే ప్రభువు ఒకడు ఉన్నాడు, కానీ వాడు కల్పన. నిజంగా అక్కడ ఉన్నవాళ్ళు రాళ్ళు కొట్టేవాళ్ళు, కమ్మరులు, వడ్రంగులు, తాడు పేనేవాళ్ళు. వేషం అదే, పాతకాలం అదే, కానీ తలకిందులైంది. రాజు బొమ్మ, పనివాడు నిజం. అక్కడ కమాను తప్పుగా కడితే కూలుతుంది, చప్పట్లతో నిలబడదు. 2019 ఏప్రిల్‌లో పారిస్‌లో నోత్ర్‌దామ్ చర్చి కప్పు కాలిపోయినప్పుడు, పచ్చి ఓక్ దుంగల్ని గొడ్డలితో చెక్కి దూలాలు తీయగలవాళ్ళు కావలసివచ్చారు. వాళ్ళలో కొందరు గెదెలాన్‌లో చెయ్యి తిరిగినవాళ్ళు. చర్చి 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. సరదాగా మొదలైనది పనికొచ్చింది అని మెచ్చుకోవడం కోసం ఇది చెప్పడంలేదు. ఆ దూలాల మీద నిజమైన కప్పు బరువు పడింది, అవి ఆగాయి. అంతకన్నా పెద్ద దెబ్బ ఏ కత్తీ కొట్టలేదు.

కొట్టి చూడని శిరస్త్రాణం ఉత్త హాస్యంగా మిగిలిపోతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. 2017 ఆగస్టులో అమెరికాలో షార్లట్స్‌విల్ పట్నంలో జాత్యహంకారులు ఊరేగినప్పుడు కొందరి డాళ్ళ మీద మధ్యయుగపు వీరుల గుర్తులు ఉన్నాయి. వాళ్ళు ఊహించుకున్న మధ్యయుగంలో తెల్ల వీరులు తప్ప ఇంకెవరూ లేరు. వర్తకులు, యూదులు, అరబ్బు వైద్యులు, పందుల కాపరులు అందరినీ తుడిచేసిన మధ్యయుగం అది. ఎవరి పేరు తుడిచేస్తామో రేపు వాళ్ళ ఇంటిమీదికే వెళ్తాం.

ఇక్కడ మనం కూడా ఒకసారి అద్దం చూసుకోవాలి. హోసూరులోనూ, కోవిల్‌పట్టిలోనూ, బళ్ళారిలోనూ, బరంపురంలోనూ మన సంఘాల సావనీర్లు చదవండి. అందరమూ రాయలకాలంలో వచ్చినవాళ్ళమే. అందరి పూర్వీకులూ దండనాయకులే. విజయనగర, నాయకరాజుల కాలాల్లో దక్షిణానికి తెలుగువాళ్ళు పెద్దఎత్తున వచ్చిన మాట చరిత్రే. కానీ ఆ దండు వెనక వచ్చిన ఎడ్లబండి తోలినవాడి మనవలు ఎక్కడున్నారు? చెరువులు తవ్వి, కట్టలు పోసి, తమిళనాట ఒట్టర్లుగా, కన్నడనాట వడ్డర్లుగా పిలిపించుకుంటున్న మన వడ్డెరల పేరు ఏ సావనీరులో ఉంది? వాళ్ళు ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ఉగాది సభకి పిలిచామా?

ఆ ఉగాది సభ కూడా నాకు పునరభినయంగానే కనిపిస్తుంది. పంచె, కండువా, ఒక పద్యం, పులిహోర. భాష ఆ పూటకి తొడుక్కునే కవచం. గట్టిగా ఉందో లేదో తెలుసుకోవాలంటే సులువైన పరీక్ష ఉంది. వేదిక మీద పద్యం చదివిన పిల్లవాణ్ణి కిందికి దిగాక వాళ్ళ చెల్లెలితో తెలుగులో పోట్లాడమనండి.

మన వలసని, అంటే మన సొంత మధ్యయుగాన్ని, సాహిత్యంలో మళ్ళీ నడిపి చూపించిన పుస్తకం ఒకటుంది. కోవిల్‌పట్టి పక్కన ఇడైచేవల్ గ్రామంలో తెలుగింట్లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ రాసిన 'గోపల్ల గ్రామం', 1976లో వచ్చింది. అందులో నూరేళ్ళు దాటిన మంగత్తాయారు అమ్మాళ్ తమవాళ్ళు ఉత్తరాన్నించి ఎందుకు పారిపోయి వచ్చారో, దారిలో ఏం పడ్డారో చెబుతుంది. పారిపోయి వచ్చారు, దండెత్తి రాలేదు. వచ్చాక సింహాసనాలు ఎక్కలేదు. అడవి కొట్టి, ముళ్ళు పీకి, నల్లరేగడిని పొలం చేశారు. వీరుడెవరూ లేని ఆ వీరగాథలో పశువులు, పురుగులు, వంటలు, బూతులు, వైద్యాలు అన్నీ ఉన్నాయి. దీనికి కొనసాగింపుగా రాసిన 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండూ తమిళంలోనే. అది ఆయన తప్పు కాదు, ఆయనకి చదువు చెప్పిన భాష అది, చదివే జనం ఉన్న భాష అది. కానీ ఒక తెలుగు అవ్వ చెప్పిన కథని నేను తమిళంలో చదువుకుని, మనసులో మళ్ళీ తెలుగులోకి తిప్పుకోవలసి వచ్చింది. ఆమె ఏ మాట అని ఉంటుందో అని చాలాచోట్ల ఆగిపోయాను.

కి.రా. తన కరిసల్ సీమ మాటలకి ఒక నిఘంటువు కూడా తయారుచేశారు. వ్యవసాయం మాటలు, వంట మాటలు, తిట్లు. 2021 మేలో పుదుచ్చేరిలో పోయేనాటికి ఆయనకి తొంభై ఏడేళ్ళు. మా ఆవిడ తకిలీ భాగాలకి వాళ్ళ అమ్మమ్మ వాడిన మాటలు ఆరేడు చెప్పింది. కాగితం మీద రాసుకున్నాను. వాటిలో రెండు నాకు ఇంతవరకూ ఏ నిఘంటువులోనూ దొరకలేదు.